దారిలో మారిషస్



సెలవులు దగ్గర పడుతున్నాయంటే ఇళ్లలో విమానం టికెట్ల మాటలు మొదలవుతాయి. పెర్త్‌లో కూతురో, జోహన్నెస్‌బర్గ్‌లో కొడుకో ఉన్న తల్లిదండ్రులు ఇవాళ మన ఊళ్లలో కొత్త కాదు. వాళ్లు వెళ్లే దారుల్లో ఒకటి మారిషస్ మీదుగా పోతుంది. ముంబయిలో ఎక్కితే ఆరు గంటలకు పైగా ప్రయాణం. మారిషస్‌లో దిగి మరో విమానం పట్టుకుంటే జోహన్నెస్‌బర్గ్‌కు సుమారు నాలుగు గంటలు, పెర్త్‌కు ఎనిమిది. చాలామంది విమానాశ్రయంలోనే కాఫీ తాగి, అద్దాల్లోంచి చెరకు తోటలు చూసి, తర్వాతి విమానం ఎక్కేస్తారు. అలా వెళ్లిపోకండి, అక్కడ మూడు రాత్రులు ఆగండి అని చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు టికెట్ సంగతి చూద్దాం. అంతర్జాతీయ ప్రయాణంలో దారిలోని ఊళ్లో 24 గంటలకు మించి ఆగితే దాన్ని స్టాపోవర్ అంటారు. అంతకు తక్కువైతే ట్రాన్సిట్. ట్రాన్సిట్‌లో సామాను సాధారణంగా నేరుగా చివరి ఊరికి వెళ్లిపోతుంది, స్టాపోవర్‌లో మనమే తీసుకుని మళ్లీ అప్పగించాలి. టికెట్ కొనేటప్పుడే, రెండు మూడు ఊళ్లు కలిపి ఒకే టికెట్‌గా ఆగే రోజులు వేసి ధర చూడండి. కొన్న తర్వాత తేదీ మార్చుకోవాలంటే చేతి చమురు వదులుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులు మారిషస్‌కు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టికెట్, బస చిరునామా, ఖర్చులకు డబ్బుందన్న ఆధారం మాత్రం దగ్గరుంచుకోవాలి.

ఇక దీవి గురించి. హిందూ మహాసముద్రంలో, మడగాస్కర్‌కు తూర్పున, భూమధ్యరేఖకు దక్షిణంగా ఇరవై డిగ్రీల దగ్గర ఉంటుంది. పొడవు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ఒకప్పటి అగ్నిపర్వతం చల్లబడి నేలయింది, దాని చుట్టూ పగడాల గట్టు పెరిగింది. సముద్రపు పెద్ద అలలు ఆ గట్టు దగ్గరే విరిగిపోతాయి. గట్టుకూ ఒడ్డుకూ మధ్య నీళ్లు నిలకడగా, లేత నీలంగా ఉంటాయి. మారిషస్ అనగానే బొమ్మల్లో కనిపించేది ఆ నీళ్లే.

కానీ నన్ను పట్టుకున్నది నీళ్ల రంగు కాదు, ఆ దీవికి దక్కిన బతుకు. మనిషి కాలు మోపిన నాటి నుంచి అది మజిలీగానే బతికింది. 1598లో డచ్చివాళ్లు దిగారు. తూర్పు దీవులకు సుగంధద్రవ్యాల కోసం పోయే ఓడలకు మంచినీళ్లు, కట్టెలు, మాంసం కావాలి. ఎగరలేని, మనిషిని చూసి బెదరని డోడో పక్షి వాళ్లకు అక్కడే కనిపించింది. ఓడవాళ్లు కొన్నింటిని తిన్నారు. ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు గుడ్లూ పిల్లలూ మిగలనివ్వలేదు. నూరేళ్లు తిరక్కుండానే ఆ పక్షి లేకుండా పోయింది. 1865లో మార్ ఓ సోంజ్ అనే చిత్తడి నేలలో డోడో ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. మనం విమానం దిగే చోటికి ఆ చిత్తడి చాలా దగ్గర.

డచ్చివాళ్లు 1710లో వెళ్లిపోయారు, తర్వాత ఫ్రెంచివాళ్లొచ్చారు. 1735లో గవర్నరుగా వచ్చిన లా బుర్దొనే పోర్ట్ లూయీని నిజమైన రేవుగా కట్టించాడు. పుదుచ్చేరికి, మన కోస్తాకు వచ్చే ఫ్రెంచి ఓడలు అక్కడే ఊపిరి పీల్చుకునేవి. ఇంగ్లీషువాళ్ల సరుకు ఓడల మీద దాడులు కూడా అక్కడి నుంచే సాగేవి. ఆ బాధ పడలేకనే 1810లో ఇంగ్లీషువాళ్లు దీవిని పట్టుకున్నారు. 1836లో బీగిల్ ఓడ మీద ప్రపంచం చుట్టి వస్తున్న డార్విన్ అక్కడ కొన్నాళ్లు ఆగి, పోర్ట్ లూయీ వెనకున్న లె పూస్ కొండ ఎక్కాడు. 1869లో సూయజ్ కాలువ తెరిచారు. యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టి రావాల్సిన పని తప్పింది, పోర్ట్ లూయీ వెలవెలబోయింది. మళ్లీ మజిలీ అన్న పేరు తెచ్చిపెట్టింది విమానాలే.

ఆ దీవిలో ఆగిన ప్రయాణికుల్లో నేను ఎక్కువగా తలుచుకునేది గాంధీగారిని. 1901లో ఆయన దక్షిణాఫ్రికా నుంచి కుటుంబంతో స్వదేశానికి వస్తున్నారు. డర్బన్‌లో ఎక్కిన నౌషేరా అనే ఓడ పోర్ట్ లూయీలో చాలా రోజులు నిలిచిపోయింది. మరొకరైతే ఓడలోనే విసుక్కుంటూ కూర్చునేవారేమో. ఆయన ఒడ్డుకు దిగి దాదాపు మూడు వారాలపాటు దీవిని చూశారు, మనుషులతో మాట్లాడారు. ఒక రాత్రి గవర్నరు చార్లెస్ బ్రూస్ ఇంట అతిథిగా ఉన్నారు. చెరకు తోటల్లో పనిచేసే భారతీయుల స్థితి తెలుసుకున్నారు. అప్పటికే దీవిలో ఎక్కువమంది మనవాళ్లే, అయినా వాళ్ల మాటకు విలువ లేదు. పిల్లల్ని చదివించండి, రాజకీయాల్లోకి రండి అని వాళ్లకు చెప్పారు. ఊరికే చెప్పి వదిలేయలేదు, 1907లో మణిలాల్ డాక్టర్ అనే బారిస్టరు ఆయన ప్రోత్సాహంతోనే అక్కడికి వెళ్లి కూలీల పక్షాన కోర్టుల్లో నిలబడ్డాడు. మారిషస్ 1968లో స్వతంత్రమైనప్పుడు మార్చి 12వ తేదీని ఎంచుకున్నారు. అది దండి యాత్ర మొదలైన రోజు. దారిలో ఓడ ఆగినన్నాళ్లు దిగిన ఒక ప్రయాణికుడికి ఆ దేశం ఇచ్చిన గౌరవమది.

సరే, మనకున్నది మూడు రోజులు. అక్కడి టూరు కార్లవాళ్లు ఒక రోజు ఉత్తరం, ఒక రోజు దక్షిణం, ఒక రోజు తూర్పు దీవి అని లెక్క చెబుతారు. పొద్దున్నే ఎక్కించుకుని, శివుడి విగ్రహం, ఏడు రంగుల నేల, జలపాతం, రమ్ము తయారీ, షాపింగు అన్నీ చూపించి చీకటిపడ్డాక దింపుతారు. దింపేసరికి ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. మజిలీకి అది పద్ధతి కాదని నా గట్టి అభిప్రాయం. శివుడి విగ్రహమున్న గంగా తలావ్, ఏడు రంగుల నేల ఉన్న షామరెల్, పాంప్లెమూస్ తోట నిజంగా చూడదగ్గవే, వారం రోజులున్నప్పుడు చూడండి. మూడు రోజులకైతే ఆగ్నేయ మూల చాలు. విమానాశ్రయం ఉన్నది ఆ మూలనే. పావుగంటలో బస చేరతారు, తర్వాతి విమానం తెల్లవారుజామున ఉన్నా కంగారు పడనక్కర్లేదు.

ఆ మూలనున్న ఊరు మాయెబూర్, దాని పక్కనే బ్లూ బే అనే అఖాతం. 1810 ఆగస్టులో ఫ్రెంచి, ఇంగ్లీషు నౌకల మధ్య గ్రాండ్ పోర్ట్ యుద్ధం ఈ ఊరి ముందున్న నీళ్లలోనే జరిగింది. ఫ్రెంచివాళ్లు గెలిచారు, ఆ పేరు పారిస్‌లోని విజయతోరణం మీద చెక్కించుకున్నారు. డిసెంబరు కల్లా దీవి మొత్తం ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది, అది వేరే సంగతి. ఊళ్లో పాత ఫ్రెంచి భవంతిలోని మ్యూజియంలో ఆ కథంతా ఉంది.

సోమవారం అక్కడ ఉండేలా చూసుకోండి, మాయెబూర్ పెద్ద సంత ఆ రోజే. కాకర, బీర, ఆనప, మునగాకు, కొత్తిమీర కట్టలు, కుప్పలు పోసిన మిరపకాయలు కనిపిస్తాయి. ఒక పక్క ధోల్ పూరీ బండి ఉంటుంది. ఉడికించి పొడి చేసిన పప్పును మైదా ముద్దలో కూరి, కాగితమంత పలచగా వత్తి పెనం మీద కాలుస్తారు. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి, కానీ ఇంకా మెత్తన, ఇంకా పలచన. నేను చూసిన బండి దగ్గర ఒక పెద్దావిడ గుడ్డ కప్పిన గిన్నెలోంచి రెండేసి తీసి అరచేతిలో పరిచేది. చిక్కుడు గింజల కూర ఒక గరిటె, రుగాయ్ అనే టమాటా కూర ఒక గరిటె, చివర పచ్చిమిరప ముద్ద. అది వేసే ముందు మాత్రం తలెత్తి మొహం చూసేది, వెయ్యనా వద్దా అని. నేను తల ఊపేసరికి చెంచా నిండా వేసి, కాగితంలో చుట్టి చేతిలో పెట్టింది. ధోల్ పూరీ ఎప్పుడూ జంటగానే అమ్ముతారు. శాకాహారులకు ఆ దేశంలో దిగులు లేదని ఆ బండి దగ్గరే తెలిసిపోతుంది. పొద్దున్నయితే గాతో పిమాఁ అనే పప్పు వడలు దొరుకుతాయి. వాటిని వెన్న రాసిన రొట్టెలో పెట్టుకుని తింటారు.

అదే ఊళ్లో రో కుటుంబం 1870 నుంచి కర్రపెండలం బిస్కెట్లు చేస్తోంది. పెద్దాపురం, సామర్లకోట వైపు శ్రోతలకు కర్రపెండలంతో సగ్గుబియ్యం చేయడం తెలుసు. ఇక్కడ ఆ దుంపను తురిమి, పిండి, ఆరబెట్టి, ఆ పిండిని ఇనప రేకు మీద అచ్చుల్లో పోసి కాలుస్తారు. పని చాలా మటుకు చేత్తోనే. లోపలికి తీసుకెళ్లి చూపిస్తారు, చివర టీతో పాటు వేడి బిస్కెట్ చేతికిస్తారు.

బ్లూ బేలోని సముద్ర భాగాన్ని 1997లో రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అడుగున గాజు పలక ఉన్న పడవల్లో కూర్చుంటే పగడాలు కనిపిస్తాయి. ఈత వచ్చినవాళ్లు అద్దాలు పెట్టుకుని పైన తేలుతూ చూడొచ్చు. ఒక్కటే మనవి, పగడం మీద కాలు పెట్టకండి. అది రాయిలా కనిపించే ప్రాణి. సముద్రం వేడెక్కి పగడాలు ఇప్పటికే తెల్లబోతున్నాయి, మన పాదాల బరువు కూడా వాటికి అదనం కాకూడదు.

ఈ మూల నాకు అన్నిటికన్నా నచ్చింది ఈల్ ఓ జెగ్రెట్ అనే చిన్న లంక. దాదాపు 65 ఎకరాలు. ఒడ్డు నుంచి పడవలో కొద్ది నిమిషాలు. సొంతంగా తిరగనివ్వరు, మారిషస్ వన్యప్రాణి సంస్థ వాళ్ల మనిషి వెంట ఉండి తిప్పుతారు. డచ్చివాళ్లు రాకముందు దీవి తీరమంతా ఎలా ఉండేదో తెలియాలంటే మిగిలిన చోటు ఇదే. నల్లచేవ కలప కోసం నరికేసిన ఎబొనీ చెట్లు ఇక్కడ మళ్లీ పెరుగుతున్నాయి. ఆ చెట్ల పళ్లు తిని గింజలు చల్లే స్థానిక తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. వాటి పని చేయడానికి అల్డాబ్రా దీవుల పెద్ద తాబేళ్లను తెచ్చి వదిలారు. కాలిబాటకు అడ్డంగా ఒకటి పడుకుని ఉంటే మేమంతా ఆగిపోయాం. అది మెడ చాచి ఒక్కో ఆకూ తెంపుకుని నమిలి, తీరిగ్గా పక్కకు జరిగింది. ఎవరూ తొందర పెట్టలేదు. గులాబి రంగు పావురం కూడా ఇక్కడుంది. 1990 ప్రాంతంలో అడవిలో వాటి సంఖ్య పదికి అటూ ఇటూగా ఉండేది. పంజరాల్లో పిల్లల్ని పెంచి అడవిలో వదిలి, తిండి పెట్టి, పిల్లుల నుంచీ ఎలుకల నుంచీ కాపాడి ఇవాళ వందల్లోకి తెచ్చారు. డోడోను పోగొట్టుకున్న దేశం ఈ పావురాన్ని పోగొట్టుకోలేదు.

ఈ నీళ్లకు మొన్నమొన్ననే పెద్ద కష్టం వచ్చింది. 2020 జులై 25న వకాషియో అనే భారీ ఓడ దారి తప్పి ఈ పగడాల గట్టు మీదికి ఎక్కేసింది. ఆగస్టు మొదటి వారంలో ఓడ పగిలి సుమారు వెయ్యి టన్నుల చమురు నీళ్లలో కలిసింది. లంక మీది అరుదైన మొక్కల్ని, కొన్ని పక్షుల్ని పడవల్లో ఎక్కించి దూరం తీసుకెళ్లారు. మాయెబూర్ జనం ప్రభుత్వం కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. చెరకు తోటల నుంచి ఎండాకు తెచ్చారు, గుడ్డ సంచుల్లో కూరారు, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టారు. బారులు బారులుగా కుట్టి నీళ్లలో వదిలితే ఆ ఎండాకు చమురును పీల్చుకుంది. జుట్టు కూడా చమురును పట్టి ఉంచుతుందని విని కొందరు కత్తిరించి ఇచ్చారు. ఆ ఒడ్డున నిలబడి పడవ కోసం ఎదురుచూస్తున్నప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే, ఆ నీలిరంగు ఎవరు నిలబెట్టినదో అర్థమవుతుంది.

ఒక పూట పోర్ట్ లూయీకి ఇవ్వండి. మాయెబూర్ నుంచి బస్సులున్నాయి. రేవు పక్కన ఆప్రవాసి ఘాట్ ఉంది. 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దు అమల్లోకి వచ్చింది. చెరకు తోటలకు మనుషులు కావాలి. భారతదేశం నుంచి ఒప్పందం మీద కూలీలను తేవడం అంతకు ముందు ఏడాదే మొదలైంది. అక్షరం రానివాళ్లు వేలిముద్ర వేస్తే అదే ఒప్పందం. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల దాకా 4,60,000 మందికి పైగా అలా వచ్చారు. 1849 నుంచి వాళ్లు దిగింది ఈ ఘాట్‌లోనే. రేవు నుంచి పైకి రాతి మెట్లున్నాయి. మెట్లెక్కి, పేరు రాయించుకుని, వంటశాలలో తిని, ఒకటి రెండు రోజులుండి, ఏ తోటకు రాసిపెట్టి ఉంటే ఆ తోటకు బండెక్కేవారు. కట్టడాల్లో మిగిలింది కొద్దే. వైద్యశాల గది, గేటు, నల్లటి రాతి గోడలు. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నాలుగడుగులు వేస్తే అయిపోయే చోటు, అయినా అక్కడ గంట గడిచినట్టు తెలియదు. పక్కన మ్యూజియం ఉంది, అది చూసి మెట్ల దగ్గరికి వెళ్లండి.

వచ్చినవాళ్లలో ఎక్కువమంది బీహారు వైపు వారు. తెలుగువాళ్లూ వేలల్లో ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ, గోదావరి ప్రాంతాలవాళ్లు. కాకినాడకు పక్కనున్న కోరంగి అప్పట్లో పేరున్న రేవు. అక్కడ ఓడ ఎక్కి వచ్చారు కాబట్టి మారిషస్‌లో వాళ్లకు కోరంగీలన్న పేరొచ్చింది. కొందరు ఒప్పందం తీరాక తిరిగి వచ్చారు, చాలామంది అక్కడే నేల పట్టుకున్నారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బడుల్లో తెలుగు చెబుతారు. ప్రపంచ తెలుగు మహాసభల్లో మూడోవి 1990లో అక్కడే జరిగాయి. సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఇళ్లలో మాట్లాడుకునేది మాత్రం అక్కడి క్రియోల్ భాష. నేను వెళ్లిన మందిరంలో భజన పుస్తకం చూపించారు. పాటలన్నీ తెలుగే, రోమన్ అక్షరాల్లో రాసుకున్నారు. ఒకావిడ కళ్లు మూసుకుని మూడు పాటలు తడబడకుండా పాడారు. పాడటం అయ్యాక, మీది ఏ ఊరు బాబూ అన్న ఒక్క మాట తెలుగులో అడిగి, మిగతాదంతా క్రియోల్‌లో చెప్పి, నాకు తెలియజెప్పే పని మనవడికి అప్పగించారు. ఆ కుర్రాడు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. వాళ్ల ముత్తాతది విజయనగరం దగ్గర పల్లె. పల్లె పేరు వాళ్లు పలికిన తీరులో నాకు పట్టుబడలేదు.

ఇక వెళ్లే కాలం. మనకు ఎండాకాలం ముగిసి వానలు పడే రోజులు వాళ్లకు చలికాలం. మే నుంచి అక్టోబరు దాకా చల్లగా, హాయిగా ఉంటుంది. జులై, ఆగస్టుల్లో ఆగ్నేయ తీరాన గాలి గట్టిగా వీస్తుంది, పలచని స్వెటరు పెట్టుకోండి. జనవరి నుంచి మార్చి దాకా తుపాన్ల కాలం. తర్వాతి విమానానికి గట్టి గడువున్నవాళ్లు ఆ నెలల్లో మజిలీ పెట్టుకోకపోవడం మంచిది. పల్లెల బస్సులు చీకటి పడ్డాక దొరకవు. 2024 ఫిబ్రవరి నుంచి కొన్ని దుకాణాల్లో మన యూపీఐతో చెల్లించవచ్చు, కానీ సంతలో, ధోల్ పూరీ బండి దగ్గర చిల్లర నోట్లే కావాలి. ఒక జాగ్రత్త కూడా. సూయాక్ అనే ఊరి దగ్గర గ్రి గ్రి అనే చోట పగడాల గట్టు తెగి ఉంటుంది, అలలు నేరుగా కొండరాళ్లను కొడతాయి. చూడటానికి వెళ్లండి, నీళ్లలో దిగకండి.

ఉత్తరాంధ్ర, గోదావరి శ్రోతలకు ప్రత్యేకంగా ఒక మాట. పోర్ట్ లూయీకి దగ్గర్లో మోకా అనే ఊరుంది. అక్కడి మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆనాటి వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఊరు, జిల్లా, ఎక్కిన ఓడ రాసి ఉంటాయి. 1860ల నుంచి కొందరి ఫొటోలు కూడా ఉన్నాయి. మారిషస్ కుటుంబాలు ఆ నంబరు పట్టుకుని తమ ఊరు వెతుక్కుంటాయి. రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు, ఊళ్ల పేర్లు వాళ్ల చెవికి తోచినట్టు రాశారు. వాటిని చదివి, ఇది ఫలానా ఊరు అని చెప్పగలిగేది ఆ పక్క ఊళ్లవాళ్లే. మీ ఇంట్లో పెద్దలెవరైనా, మా తాతగారి అన్న ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు అని చెప్పగా విని ఉంటే, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, సుమారు ఏ ఏడో కాగితం మీద రాసిపెట్టుకోండి. వెళ్లేముందు ఇన్‌స్టిట్యూట్‌కు ఉత్తరం రాసి, చూడటానికి ఏ రోజు రావచ్చో అడగండి. అది పనిదినాల్లోనే కుదురుతుంది కాబట్టి, టికెట్ కొనేటప్పుడు శని ఆదివారాలు తగలకుండా ఒక రోజు దానికోసం ఉంచుకోండి.